మడి ఆరిందా, అమ్మాయ్?

మా గదికి కిటికీ ఉంది గానీ దానికి నల్ల కాగితం అంటించేశారు. పొద్దున్న తొమ్మిదిన్నరకి లోపలికెళ్తే మధ్యాహ్నం క్యారేజీ విప్పేదాకా బయట ఎండో వానో తెలీదు. వచ్చేవాళ్ళ చేతిలో గొడుగు తడిగా ఉంటే వాన. రాజమండ్రిలో ఒక కంటాసుపత్రిలో, కంటి లోపలి పొరల్ని బొమ్మ తీసే ఓసీటీ మెషిన్ దగ్గర కూర్చోవడం నా ఉద్యోగం. 2010లో చేరాను. అప్పట్నించీ రోజుకి పాతికమందికి, ఒక్కోరోజు నలభైమందికి, గడ్డం ఇక్కడ పెట్టండి, నుదురు ఆనించండి, రెప్ప వెయ్యకండి అని చెబుతూనే ఉన్నాను. ఒకసారి మా అబ్బాయికి అన్నం తినిపిస్తూ "గడ్డం పైకి, కదలకు" అన్నానట. మా ఆయన ఇప్పటికీ దెప్పుతుంటాడు.

వచ్చేవాళ్ళంతా దీన్ని స్కానింగ్ అంటారు. స్టూలు మీద కూర్చోగానే మూడు ప్రశ్నలు. ఇది ఎక్స్‌రేనా? నొప్పెడతదా? ఎంతవుద్ది? ఎక్స్‌రే కాదు, నొప్పి పెట్టదు, మూడోది కౌంటర్లో అడగండి. నాలుగో ప్రశ్న వేసినాయన ఇన్నేళ్ళలో ఒక్కరే తగిలారు. కడియం దగ్గర్నుంచి వచ్చిన బాబాయిగారు. పూల నర్సరీ ఉందట. పదిహేనేళ్ళ నుంచి షుగరు.

"ఎక్స్‌రే కాపోతే మరేంటమ్మాయ్? లోపలికి దేన్ని పంపుతున్నావు?"

"వెలుతురేనండి."

"వెలుతురా? టార్చిలైటు లాగానా?"

బయట బెంచీ మీద పదకొండుమంది ఉన్నారు. "ఆయ్, అలాంటిదేనండి" అనేసి పని కానిచ్చాను. ఇంటికొచ్చాక ఆ జవాబు గుచ్చుకుంటూనే ఉంది. టార్చిలైటు లాంటిది కానే కాదు.

టార్చిలైటు సంగతే చూడండి. చిన్నప్పుడు కరెంటు పోతే టార్చి మీద అరచెయ్యి మూసి చూసేవాళ్ళం. చెయ్యంతా ఎర్రగా వెలుగుతుంది. ఎముకలు కనిపిస్తాయేమోనని ఎంత చూసినా కనిపించవు. వెలుతురు చేతిలోంచి ఇవతలికి రావడమైతే వచ్చింది గానీ, దారిలో లెక్కలేనన్ని చోట్ల తగిలి, చెదిరి, ఏ దోవన వచ్చిందో చెప్పలేని స్థితిలో వచ్చింది. నీలం, ఆకుపచ్చ రంగుల్ని రక్తం మింగేసింది, ఎరుపు మిగిలింది. దానితోనూ పని జరుగుతుంది, కాదనను. 2021లో ఇంటింటా వేలికి తగిలించుకుని చూసుకున్న ఆక్సిమీటరు చేసేది అదే: ఒక ఎరుపు, కంటికి కనపడని ఇంకో పరారుణ కాంతి, ఈ రెంటిలో రక్తం దేన్ని ఎంత మింగుతోందో చూసి ఆక్సిజన్ లెక్క కడుతుంది. 1970లలో ఆ ఉపాయం కనిపెట్టిన జపాన్ ఇంజనీరు తాకువో అయొయాగి 2020 ఏప్రిల్‌లో పోయారు. సరిగ్గా ప్రపంచమంతా ఆయన పరికరం కోసం వెతుక్కుంటున్న రోజుల్లో. అయితే ఆక్సిమీటరు ఇచ్చేది అంకె, బొమ్మ కాదు. చెదిరిపోయిన వెలుతురుతో సన్నని బొమ్మ రాదు.

కంట్లో ఆ బాధ తక్కువ. ముందుభాగమంతా తేటగా ఉంటుంది, వెలుతురు వెనక గోడదాకా, అంటే రెటీనాదాకా, చెదరకుండా పోయి తిరిగొస్తుంది. జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1851లోనే చిన్న అద్దం సాయంతో బతికున్న మనిషి రెటీనాని చూసేశాడు. ఇప్పటికీ డాక్టర్లు చుక్కల మందు వేసి చూసేది ఆ పద్ధతిలోనే. దానికున్న ఇబ్బంది ఏమిటంటే, ఎదురుగా నిలబడి చూస్తున్నాం. ఆత్రేయపురం పూతరేకు తెలుసుగా. పైనుంచి చూస్తే ఒక తెల్లని కాగితం. లోపల ఎన్ని పొరలున్నాయో, ఏ పొర మధ్య బెల్లం తేమకి తడిసి ఉబ్బిందో తెలియాలంటే అడ్డంగా కొయ్యాలి. రెటీనాలో పది పొరలు. నడిమధ్యన, మనం అక్షరం చదివే చోట, అన్నీ కలిపి పావు మిల్లీమీటరు మందం. బతికున్న కంటిని కొయ్యలేం కదా. కొయ్యకుండా కోత చూపించేదే ఓసీటీ.

గర్భిణులకి చేసే స్కాన్‌లో శబ్దాన్ని పంపి అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు చెబుతారు. కంటికీ అలాంటి స్కాన్ ఉంది, మా పక్కగదిలోనే. కాకపోతే అది దాదాపు 150 మైక్రాన్ల (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా సన్నని తేడా పట్టలేదు. అంటే మనిషి వెంట్రుకకి రెండింతలు. పావు మిల్లీమీటరులో పది పొరలు వెతకడానికి అది చాలదు. శబ్దం బదులు వెలుతురు పంపితే 5 మైక్రాన్ల తేడా కూడా దొరుకుతుంది. కానీ వెలుతురు తిరిగొచ్చే సమయాన్ని కొలిచేదెవరు? 10 మైక్రాన్ల దూరం దాటడానికి దానికి పట్టేది, సెకన్ను లక్షకోట్ల ముక్కలు చేసి అందులో ఒక ముక్కని మళ్ళీ ముప్ఫై చేస్తే, ఆ ఒక్క వంతు. అంత చిన్న వంతుని నేరుగా లెక్కపెట్టే గడియారం మెషిన్లో ఎక్కడా లేదు.

గడియారం లేకుండానే కానిచ్చారు. ఎలాగో నాకు పుస్తకంలో చదివితే ఎక్కలేదు, మా ఊరి జాతరలో డప్పులు వింటుంటే ఎక్కింది.

ఇద్దరు డప్పు కొడుతున్నారనుకోండి. ఒకడు మన పక్కనే, ఇంకొకడు దూరంగా చెరువుగట్టు మీద. ఇద్దరూ ఒకే క్షణంలో ఒకే దెబ్బ కొడుతున్నారు. అయినా గట్టు మీదవాడి మోత కాస్త ఆలస్యంగా మన చెవికి చేరుతుంది. దెబ్బ ఢం ఢం ఢం అని సమానంగా పడుతుంటే చిక్కే, ఎందుకంటే వాడు సరిగ్గా ఒక దెబ్బ ఆలస్యమైనా, రెండు దెబ్బలు ఆలస్యమైనా మోతలు కలిసిపోతాయి. వాడెంత దూరంలో ఉన్నాడో పోల్చుకోలేం. అలా కాకుండా, ఒకసారి వచ్చిన వరస మళ్ళీ రాకుండా అడ్డదిడ్డంగా కొడుతున్నారనుకోండి. అప్పుడు రెండు మోతలూ కలిసేది ఒకే ఒక్క సందర్భంలో: ఇద్దరూ మనకి సమాన దూరంలో ఉన్నప్పుడు. కాబట్టి పక్కనున్నవాణ్ణి ఒక్కో అడుగే వెనక్కి జరుపుతూ పోవాలి. ఎక్కడ రెండూ కలిసి గుండె అదిరేలా మోగాయో అక్కడ ఆపి, వాడు వేసిన అడుగులు లెక్కపెట్టుకుంటే సరి.

మెషిన్లో ఆ దగ్గరవాడు ఒక అద్దం. గట్టు మీదవాడు రెటీనా. ఒకే దీపం నుంచి వచ్చిన వెలుతురుని రెండుగా చీల్చి ఒక పాయని అద్దం మీదికి, ఇంకో పాయని కంట్లోకి పంపి, తిరిగొచ్చిన రెంటినీ కలుపుతారు. దీపం మాత్రం లేజరంత క్రమశిక్షణ ఉన్నది కాకూడదు, అడ్డదిడ్డంగా కొట్టేవాడే కావాలి. గట్టు మీద ఒకడు కాదు, వరసగా పదిమంది నిలబడి ఉన్నట్టు ప్రతి పొరా తన వంతు మోత తిప్పి పంపుతుంది. అద్దాన్ని జరిపేకొద్దీ ఒక్కొక్కటే కలుస్తూ పోతుంది. ఇప్పటి మెషిన్లలో అద్దాన్ని జరిపే పని కూడా లేదు. తిరిగొచ్చిన వెలుతురుని రంగులుగా విడగొట్టి, అన్ని లోతుల లెక్కా కంప్యూటరు ఒకేసారి కట్టేస్తుంది.

ఇదంతా 1991లో అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు బయటపెట్టారు. డేవిడ్ హువాంగ్ అప్పటికింకా విద్యార్థి. జేమ్స్ ఫుజిమోటో, ఎరిక్ స్వాన్సన్‌లతో కలిపి ముగ్గురికీ 2023లో, వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు వచ్చింది. ఆ మొదటి వ్యాసంలో రెండు బొమ్మలు చూపించారు, ఒకటి రెటీనాది, రెండోది గుండె రక్తనాళానిది. రెండూ శరీరంలోంచి బయటికి తీసినవే. రెటీనా మా గదికొచ్చింది, రక్తనాళం గుండె డాక్టర్ల క్యాత్ ల్యాబుకి పోయింది. అక్కడ సన్నటి తీగ చివరనుంచి వెలుతురు వదులుతారు. రక్తం అడ్డమొస్తే అరచేతి కథే, ఏమీ కనపడదు. అందుకని మందు నీళ్ళు ఎక్కించి ఆ రెండు మూడు సెకన్లు రక్తాన్ని పక్కకి నెట్టేసి ఆ సందులో చూస్తారు.

మా దగ్గర అడ్డమొచ్చేది రక్తం కాదు, మనిషి.

బాబాయిగారి కంట్లో చుక్కల మందు వేసి ముప్పావుగంటయింది. పాప విచ్చుకుంది. మెడ పట్టేసి ఉంది, గడ్డం పెడితే నుదురు ఆనదు, నుదురు ఆనిస్తే గడ్డం లేస్తుంది. బల్ల పైకి లేపాను. స్టూలు ముందుకి జరిపించాను. భుజం మీద కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నోరు మూసి పళ్ళు కలపండి. ఆకుపచ్చ గుర్తు కనిపిస్తోందా?"

"ఏదో ఉందమ్మా. చూద్దామంటే పక్కకి పోతాంది."

పోయేది గుర్తు కాదు. చూపుకి నడిమి చోటే ఉబ్బి ఉంటే మనిషి తెలియకుండానే కన్ను కాస్త పక్కకి తిప్పి, బాగున్న చోటుతో చూస్తాడు. అప్పుడు మన కోత నడిమధ్యన పడదు. ఇలాంటప్పుడు కంప్యూటరు చెప్పిన మధ్యని నమ్మకూడదు. తెర మీద రెటీనాని చూస్తూ చేత్తోనే సరిచేయాలి. సరిచేశాను. సిగ్నల్ పదికి నాలుగు. ఆరన్నా లేకపోతే ఆ స్కాన్ పనికిరాదు. శుక్లం ఉందేమోనని కేసు షీటు చూశా, రెండేళ్ళ క్రితమే ఆపరేషనైంది. అంటే కంటి మీద తడి ఆరిపోయింది. ఏసీ గదిలో, రెప్ప వెయ్యకుండా కూర్చోబెట్టింది నేనే కదా. "మూడుసార్లు గట్టిగా రెప్పలు వెయ్యండి. ఆఁ. ఇప్పుడు పెద్దగా తెరవండి." ఏడు. ఆ ఒక్క పొర నీటికి, రెప్ప తుడిచిన ఆ తడికి, అంత తేడా.

బటన్ నొక్కాను. "ఎర్రగీత పాకుతోందమ్మాయ్!" అంటూ కన్ను దాని వెంట పోనిచ్చారు. నూటికి తొంభైమంది ఇంతే. ఆకుపచ్చదాన్నే చూడండి, ఎర్రదాన్ని దాని మానాన పోనివ్వండి అంటే, అప్పుడింకా చూడాలనిపిస్తుంది. రెండోసారి వచ్చింది. ఆరు మిల్లీమీటర్ల చదరంలో 65,536 చోట్ల లోతు కొలవడానికి రెండున్నర సెకన్లు. నేను చేరినప్పుడున్న పాత మెషిన్ దాదాపు అంతే సమయంలో 768 చోట్ల కొలిచి, మధ్య ఖాళీలన్నీ ఊహతో నింపేది.

తెర ఆయన వైపు తిప్పాను. అందరికీ తిప్పను, బెంచీ నిండుగా ఉన్నప్పుడు అసలే తిప్పను. అడిగినాయన కాబట్టి తిప్పాను. పొరలు ఎరుపు, పసుపు, ఆకుపచ్చల్లో అడ్డంగా పరుచుకున్నాయి. ఆ రంగులు కంట్లో లేవండి, వెలుతురు బలంగా తిరిగొచ్చిన చోట కంప్యూటరు ఎరుపు పూసింది, ఏమీ తిరిగిరాని చోట నల్లగా వదిలేసింది. నడిమధ్యన మామూలుగా అయితే చిన్న గుంట ఉండాలి. ఈయనకి అక్కడ దిబ్బ. దిబ్బ లోపల నల్లటి సంచులు నాలుగైదు.

"ఆ నల్లవేంటి?"

"నీళ్ళు. షుగరు వల్ల సన్నని రక్తనాళాలు కారుతున్నాయి. ఆ నీరు పొరల మధ్య చేరింది."

ఆయన తెరకి దగ్గరగా వంగి చూశారు. "మడిలో నీళ్ళు నిలిచిపోయాయన్నమాట. నిలిస్తే వేరు కుళ్ళుద్ది."

ఎన్ని క్లాసులు విన్నానో, ఎన్ని స్లైడ్లు చూశానో. డయాబెటిక్ మాక్యులర్ ఎడీమా అనే మాటని ఇంత తొందరగా ఎవరూ చెప్పలేదు. ఎక్కువ రోజులు నిలిచిన నీటి కింద వెలుతురుని పట్టే కణాలు నిజంగానే చచ్చిపోతాయి, ఆ తర్వాత నీరు ఇంకినా చూపు రాదు.

"తోడెయ్యలేరా?"

"తోడరండి. గండి పూడుస్తారు. కంట్లోకి ఇంజెక్షను. కారడం ఆగితే నీరు అదే ఇంకుతుంది."

కాగితం చేతికిచ్చాను. గుండ్రంగా గీసిన వలయాల మధ్య ఒక అంకె చూసి అదిరిపడ్డారు. "నాలుగొందల ఎనభై ఏడా! పొద్దున్న నూటడెబ్భయ్యే కదమ్మా!"

షుగరు కాదు బాబాయిగారూ, మందం, మైక్రాన్లలో. నవ్వు ఆపుకుని చెప్పాను. "మరి ఎంతుండాలి?" అన్నారు. ఈ ప్రశ్నకి నేను గబుక్కున జవాబివ్వను. ఎందుకంటే ఒక టీచరమ్మగారు.

ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. నేను చేరిన కొత్తలో ఇంజెక్షన్లు మొదలయ్యాయి. ప్రతి స్కాను అంకెనీ ఒక పొడుగు నోటుబుక్కులో, స్కేలుతో గీసిన గడుల్లో రాసుకునేవారు. కుడి, ఎడమ, తేదీ. 310, 268, 241, 214. చివరి అంకె రాసుకున్న రోజు నాకు సున్నుండలు తెచ్చారు. తర్వాత 2013లో మాకు కొత్త మెషిన్ వచ్చింది. ఆవిడ మామూలు చెకప్‌కి వచ్చారు, డాక్టరుగారు ఆ రోజు ఊళ్ళో లేరు, స్కాన్ తీసి కాగితం ఇచ్చి వచ్చే వారం రమ్మన్నాను. కాగితం మీద 263.

వారం తర్వాత కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. ముఖం పీక్కుపోయి ఉంది. మళ్ళీ నీరొచ్చిందని తేల్చేసుకున్నారు. ఇంకా ఎన్ని ఇంజెక్షన్లు, ఎంత డబ్బు, అన్నీ లెక్కేసుకుని వచ్చారు. డాక్టరుగారు బొమ్మ చూసి, గుంట చక్కగా ఉంది, చుక్క నీరు లేదన్నారు. జరిగిందేమిటంటే, పాత మెషిన్ కొలతని ఒక గీత దగ్గర ఆపేసేది. కొత్తది ఇంకాస్త దిగి, దాని కిందున్న పొరదాకా కొలుస్తుంది. కన్ను అదే, పూతరేకులో అడుగు రేకులు కూడా ఇప్పుడు లెక్కలోకి వచ్చాయి. పాతదాంట్లో 210 ఉన్న ఆరోగ్యమైన కన్ను కొత్తదాంట్లో 260 చూపిస్తుంది. నాకది తెలుసు. ట్రైనింగులో చెప్పారు. కాగితం ఇచ్చేటప్పుడు నోటికి రాలేదు, అంతే.

ఆవిడ నన్ను పిలిచి, కోపంగా కాదు, పాఠం చెప్పే గొంతుతో అన్నారు: "యూనిట్ మారితే పక్కన రాయాలని ఆరో తరగతి పిల్లాడికి నేర్పాను నేను." ఆ తర్వాత ఏడాదిపాటు ప్రతి పాత పేషెంటు కాగితం మీదా ఎర్ర పెన్నుతో రాశాను, మెషిన్ మారింది, పాత అంకెతో పోల్చవద్దు అని. ఇప్పటికీ వేరే ఊళ్ళో తీయించిన స్కాన్ తెచ్చి ఇరవై పెరిగింది, ముప్ఫై తగ్గింది అంటుంటే ముందు అడిగేది, ఏ మెషిన్ మీద తీశారు అని.

అంకెకి తోడు రంగు కూడా భయపెడుతుంది. నీటికాసులకి (గ్లకోమాకి) తీసే స్కాన్‌లో నరం పొర మందాన్ని ఆరోగ్యవంతుల కొలతలతో పోల్చి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వేస్తుంది. వందమంది మంచి కళ్ళవాళ్ళలో ఒక్కరికి మాత్రమే అంత పల్చగా ఉంటుంది అనుకుంటే ఎరుపు. మైనస్ తొమ్మిది పవరున్న కుర్రాడికి కన్ను పొడుగ్గా సాగి ఉంటుంది కాబట్టి జబ్బు లేకపోయినా ఎరుపు పడొచ్చు. అలాంటి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి కాగితం ఫోనులో పెద్దది చేసి చూసుకుంటూ, నెట్‌లో చదువుకుంటూ, డాక్టరు పిలిచేలోగా గుడ్డివాడినైపోతానని వాళ్ళమ్మకి ఫోన్ చేసేశాడు. కంప్యూటరు వేసింది రంగు, రోగం పేరు కాదు నాయనా, అని చెప్పేసరికి నా క్యారేజీ చల్లారిపోయింది.

అందుకే బాబాయిగారికి "ఈ మెషిన్లో రెండొందల అరవై దరిదాపుల్లో ఉంటే మామూలు" అని చెప్పి, "అంకె డాక్టరుగారు చూసుకుంటారు, మీరు మడి చూసుకోండి" అన్నాను. నచ్చినట్టుంది. కాగితం మడతపెట్టకుండా కండువాలో చుట్టుకుని వెళ్ళారు.

నెలకి వచ్చారు. మొదటి ఇంజెక్షను అయింది. భయపడినంత లేదట, చీమ కుట్టినట్టుందట, రాత్రంతా కంట్లో నల్ల బుడగ ఆడిందట. అలా ఒకోసారి గాలి బుడగ వెళ్తుంది, పోతుంది. నేను బల్ల లేపేలోగా ఆయనే స్టూలు ముందుకి లాక్కున్నారు. కండువా ఒళ్ళోకి దించారు. గడ్డం పెట్టి, పళ్ళు బిగించి, ఆ బిగించిన పళ్ళ మధ్యనుంచే "ఆకుపచ్చది కనిపిస్తాందమ్మాయ్, ఈసారి పక్కకి పోటంలేదు" అన్నారు. చెప్పకుండానే మూడుసార్లు రెప్పలు వేశారు. సిగ్నల్ ఎనిమిది. ఎర్రగీత వైపు చూడలేదు. ఒక్క దెబ్బకే వచ్చింది.

352. నాలుగైదు సంచులు ఉన్నచోట రెండు, అవీ సన్నగా. దిబ్బ దిగింది గానీ గుంట ఇంకా ఏర్పడలేదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తెర తిప్పాను. అంకె వైపు ఆయన చూడనే లేదు.

"మడి ఆరిందా, అమ్మాయ్?"

"సగం పైన ఆరిందండి. ఇంకా రెండు చోట్ల తడుంది."

"ఉంటదిలే. పల్లం కదా అక్కడ" అని లేచి, బెంచీ మీదున్న తర్వాతావిడకి తలుపు దగ్గరే చెప్పేస్తున్నారు, ఎర్రగీతొకటి వస్తది, దాన్ని చూడమాకండి అని.